ఉప్పునీళ్ళలో గ్లైసిన్‌కు ఎంత చోటు?

వానలు కుదురుగా పడి పత్తి నడుమెత్తు పెరిగిన రోజుల్లో వినుకొండ నుంచి నూజెండ్ల వైపు పోయినా, ఈపూరు వైపు పోయినా, బొల్లాపల్లి వైపు పోయినా చేల గట్ల మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు కనిపిస్తాయి. ఒక్కోటి 200 లీటర్లు పడుతుంది. బోరు నీళ్ళతోనో కాలువ నీళ్ళతోనో నింపుతారు. అందులోకి 13-0-45 ప్యాకెట్ ఒకటి పోస్తారు. ఆకు ఎర్రబడుతుంటే మెగ్నీషియం సల్ఫేట్ పోస్తారు. గూడ, పూత రాలకుండా ఉండాలని లీటరుకు 2 మిల్లీలీటర్ల లెక్కన ‘అమైనో’ టానిక్ కలుపుతారు. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి స్ప్రేయర్ పైపు వేస్తారు.

రసాయన శాస్త్రంలో ‘లవణ జల ద్రావణాల్లో అమైనో ఆమ్లాల సాంద్రత, స్నిగ్ధత’ అని ఒక పరిశోధనా రంగం ఉంది. పేరు వింటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది కానీ, ఆ శాస్త్రవేత్తలు సీసాలో పోసి కొలిచేది దాదాపు ఈ డ్రమ్ములో ఉన్నదే. నీరు, ఉప్పు, అమైనో ఆమ్లం. వాళ్ళ నీరు స్వచ్ఛమైనది, ఉప్పు ఒక్కటే రకం, అమైనో ఆమ్లమూ ఒక్కటే. మన డ్రమ్ములో మూడూ కలగాపులగం. వాళ్ళు అడిగే ప్రశ్నలు రెండు. ఇవి కలిశాక మొత్తం ఎంత చోటు పడుతుంది? ఎంత చిక్కబడుతుంది? ఇంత చిన్న ప్రశ్నలకు వందేళ్ళుగా జవాబులు వెతుకుతున్నారంటే అందులో ఏదో తిరకాసు ఉండాలి.

ముందు చోటు సంగతి చూద్దాం. లీటరుకు 10 గ్రాముల చొప్పున డ్రమ్ముకు 2 కిలోల 13-0-45 పోశాం అనుకోండి. అది పొటాషియం నైట్రేట్. పొడి రేణువుల మధ్య ఉన్న గాలిని లెక్కలోంచి తీసేస్తే ఆ 2 కిలోల స్ఫటికాలు ఆక్రమించే చోటు సుమారు 950 మిల్లీలీటర్లు. అవి పూర్తిగా కరిగాక డ్రమ్ములో నీటిమట్టం పెరిగేది 750 మిల్లీలీటర్ల మేరకే. 200 మిల్లీలీటర్లు లెక్కకు రావు. ఏదీ ఆవిరి కాలేదు, ఏదీ ఒలకలేదు.

మెగ్నీషియం సల్ఫేట్‌తో వింత ఇంకా ముదురుతుంది. దుకాణంలో దొరికే స్ఫటికంలో ఒక్కో మెగ్నీషియం సల్ఫేట్‌తోపాటు ఏడు నీటి అణువులు బంధించి ఉంటాయి. బరువులో సగం కంటే కొంచెం ఎక్కువే నీరు. 2 కిలోల ప్యాకెట్ కొన్న రైతు ఒక కిలో నీళ్ళు కూడా డబ్బిచ్చి కొన్నట్టే, అందులో మోసమేమీ లేదు, ఆ స్ఫటికం పుట్టుకే అంత. ఇప్పుడు దాన్ని డ్రమ్ములో కరిగించండి. మట్టం పెరిగేది ఆ దాగి ఉన్న నీటి ఘనపరిమాణం కంటే తక్కువే! అంటే మెగ్నీషియం సల్ఫేట్ తన వంతుగా ఆక్రమించిన చోటు సున్నా కంటే తక్కువ. నీరు పూర్తిగా తీసేసిన మెగ్నీషియం సల్ఫేట్‌ను కొద్దిగా తీసుకుని స్వచ్ఛమైన నీటిలో కరిగిస్తే మొత్తం ఘనపరిమాణం మొదటి కంటే కొంచెం తగ్గుతుంది. పలచటి ద్రావణంలో ఒక మోల్‌కు సుమారు 7 మిల్లీలీటర్లు మైనస్. గ్లాసులో ఒక వస్తువు వేస్తే నీళ్ళు తగ్గడమన్నమాట.

కారణం నీటి అల్లికలో ఉంది. మామూలు నీటిలో ఒక్కో అణువు చుట్టుపక్కల నాలుగు అణువులతో హైడ్రోజన్ బంధాలు వేసుకుని, మధ్యలో బోలెడు ఖాళీ వదిలి ఉంటుంది. మెగ్నీషియం అయాను చిన్నది, దాని మీద రెండు ధనావేశాలు. చుట్టూ ఉన్న నీటి అణువుల ఆక్సిజన్ కొసలను అది తనవైపు గట్టిగా లాక్కుంటుంది. వదులుగా ఉన్న నీరు బిగుసుకుని ఒత్తుగా సర్దుకుంటుంది. అయాను తాను తీసుకున్న చోటు కంటే నీటిని బిగించి మిగిల్చిన చోటు ఎక్కువ. విద్యుదావేశం వల్ల ద్రవం ఇలా కుంచించుకుపోవడాన్ని 1894లోనే డ్రూడ్, నెర్న్‌స్ట్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపారు. పొటాషియం, నైట్రేట్ అయాన్లు పెద్దవి, ఒక్కో ఆవేశమే ఉన్నవి. అవి నీటిని బిగిస్తాయి కానీ అంత గట్టిగా కాదు.

ఇక టానిక్ డబ్బా. అమైనో టానిక్‌లు ఎక్కువగా ఏదో ఒక ప్రోటీన్‌ను ఆమ్లంతోనో ఎంజైములతోనో ముక్కలు చేసి తయారు చేసినవి. సోయా పిండి కావచ్చు, చేపల వ్యర్థం కావచ్చు, తోళ్ళ నుంచి ఎముకల నుంచి వచ్చే జెలటిన్ కావచ్చు. జెలటిన్‌దైతే అందులోని అమైనో ఆమ్లాల్లో దాదాపు మూడింట ఒకటి గ్లైసిన్. అసలు గ్లైసిన్‌ను మనిషి మొదటిసారి చూసిందే ఆ దారిలో. 1820లో ఫ్రాన్సులో ఆంరీ బ్రాకోనో జెలటిన్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మరిగించి, తియ్యగా ఉన్న స్ఫటికాలు బయటికి తీశాడు. అదొక రకం చక్కెర అనుకున్నాడు. అందులో నైట్రోజన్ ఉందని తేలింది తరువాతే.

ఇరవై అమైనో ఆమ్లాల్లో గ్లైసినే అతి చిన్నది. ఒక కొసన ఆమ్ల సమూహం, మరో కొసన అమైన్ సమూహం, మధ్యలో ఒక్క కార్బన్. కాగితం మీద దీన్ని ఆవేశం లేని అణువుగా గీయవచ్చు, పాత పుస్తకాల్లో అలాగే గీసేవారు. కానీ దాని నడవడి అలా ఉండదు. దాదాపు అదే పరిమాణం ఉన్న అసిటిక్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గరే కరిగి ద్రవమవుతుంది. గ్లైసిన్ 230 డిగ్రీలు దాటేదాకా కరగదు, ఆపైన కరగడానికి బదులు మాడిపోతుంది. నూనెల్లో, ఈథర్‌లో కరగదు, నీటిలో హాయిగా కరుగుతుంది. ఇవన్నీ ఉప్పు లక్షణాలు. ఆమ్లపు కొస నుంచి ప్రోటాన్ అమైన్ కొసకు దూకి, ఒక చివర ఋణావేశం, ఇంకో చివర ధనావేశం ఉన్న అణువుగా అది బతుకుతుందని 1923లో డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బ్యెర్రుమ్ వాదించి ఒప్పించాడు. దీన్ని ద్విధ్రువ అయాను అంటాం. మొత్తం ఆవేశం సున్నా, కానీ రెండు కొసలూ నీటిని పట్టి లాగుతూనే ఉంటాయి.

ఈ మాటకు నాకు అన్నిటికంటే నచ్చిన రుజువు సాంద్రత కొలతల నుంచి వచ్చింది. గ్లైకోలమైడ్ అని ఇంకో పదార్థం ఉంది. గ్లైసిన్‌లో ఉన్న పరమాణువులే అన్నీ, లెక్క కూడా అదే: రెండు కార్బన్లు, ఐదు హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, రెండు ఆక్సిజన్లు. అమరిక మాత్రం వేరు, కొసల్లో ఆవేశాలు ఉండవు. ఒక మోల్, అంటే 75 గ్రాముల గ్లైకోలమైడ్ నీటిలో కరిగితే సుమారు 56 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. అంతే బరువు గ్లైసిన్ 43 మిల్లీలీటర్లతో సరిపెట్టుకుంటుంది. స్ఫటికంగా ఉన్నప్పుడు కూడా గ్లైసిన్‌కు దాదాపు 47 మిల్లీలీటర్లు కావాలి. ఒకే బరువు, ఒకే మూలకాలు, అయినా 13 మిల్లీలీటర్ల తేడా. ఆ తేడా అంతా రెండు కొసల ఆవేశాలు చుట్టూ ఉన్న నీటిని నొక్కిపెట్టడం వల్ల వచ్చింది. అణువును చూడకుండా, త్రాసు, సీసాతో దాని రెండు కొసల్లో ఆవేశం ఉందని చెప్పగలిగారు.

ఈ కొలతల్లో ముఖ్యమైనవి 1930లలో హార్వర్డ్ వైద్య కళాశాలలో ఎడ్విన్ కోన్, జాన్ ఎడ్సాల్ బృందం చేసింది. అదే కళాశాలలో అవే ఏళ్ళలో జీవరసాయన శాఖలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేస్తున్నారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కేతో కలిసి 1927లో బయటపెట్టిన మనిషి. క్రియాటిన్ కూడా శరీరం గ్లైసిన్ నుంచి మొదలుపెట్టి తయారుచేసుకునేదే.

గ్లైసిన్ తరువాత వచ్చేది అలనిన్, ఒక్క కార్బన్ ఎక్కువ. దానికి ఒక మోల్‌కు 60 మిల్లీలీటర్లు. వాలిన్‌కు 91, లూసిన్‌కు 108. గొలుసు ఒక్కో కార్బన్ పెరిగినకొద్దీ 15 నుంచి 17 మిల్లీలీటర్ల చొప్పున పెరుగుతుంది. ఇక్కడిదాకా కూడికలే.

ఉప్పు చేరగానే కూడిక తప్పుతుంది. సోడియం క్లోరైడ్ కరిగిన నీటిలో గ్లైసిన్ వేస్తే, అది మంచినీటిలో తీసుకున్న దానికంటే కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది. 1985లో ఐఐటీ ఢిల్లీ నుంచి రాజీవ్ భట్, జె.సి. అహ్లువాలియా ఉప్పునీటిలో చాలా అమైనో ఆమ్లాలకు ఈ పెరుగుదలను కొలిచి ప్రచురించారు. తరువాత ఇదే పని పదుల కొద్దీ ప్రయోగశాలల్లో రకరకాల ఉప్పులతో సాగింది. మెగ్నీషియం, కాల్షియం లాంటి రెండు ఆవేశాల లవణాలైతే పెరుగుదల ఇంకా ఎక్కువ.

ఉప్పు నీటిని బిగిస్తుందన్నాం. గ్లైసిన్ కూడా బిగిస్తుందన్నాం. రెండూ కలిస్తే ఇంకా బిగుసుకోవాలి కదా, ఎందుకు వదులవుతోంది? సోడియం అయాను గ్లైసిన్ ఋణకొస దగ్గరికి వస్తుంది, క్లోరైడ్ ధనకొస దగ్గరికి. వాటి వాటి చుట్టూ పట్టి ఉంచిన నీటి పొరలు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ఇద్దరు నాయకులు రాజీ పడ్డాక ఇరుపక్షాల వెంట తిరిగే జనంలో కొందరికి పని లేకుండా పోయి ఇంటిదారి పడతారే, అలా కొన్ని నీటి అణువులు పట్టు వదిలించుకుని మామూలు నీటిలో కలుస్తాయి. బిగువు నుంచి వదిలిన నీరు ఎక్కువ చోటు తీసుకుంటుంది. సీసాలో కనిపించే ఆ ఒకటీ అరా మిల్లీలీటర్ ఆ విడుదలైన నీటిదే. లూసిన్ లాంటి పొడుగు గొలుసు అమైనో ఆమ్లాలకు ఈ పెరుగుదల తగ్గుతుంది. గొలుసు భాగానికి ఆవేశం లేదు, దాని చుట్టూ ఉన్న నీటి అమరిక వేరు. అయాన్లు అటు చేరినప్పుడు ఘనపరిమాణం ఎదురు దిశలో కదులుతుంది. ఒకే అణువు రెండు చోట్ల ఉప్పుతో రెండు రకాలుగా వ్యవహరిస్తోందని, సీసాలో కనిపించేది ఆ రెండింటి మొత్తమని ఇలా తెలుస్తుంది.

డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చదివినవాళ్ళకు స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ గుర్తుండాలి. 25 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా, మూతకు నిలువునా వెంట్రుక సన్నం రంధ్రం. నింపి మూత పెడితే ఎక్కువైన ద్రవం ఆ రంధ్రంలోంచి పైకి వచ్చి బొట్టుగా నిలుస్తుంది. దాన్ని ఫిల్టర్ పేపర్‌తో అద్దాలి. గట్టిగా అద్దితే రంధ్రంలోనిది కూడా పీల్చేస్తుంది. సీసాను గుప్పిట్లో పట్టుకుంటే అరచేతి వేడికే ఇంకో బొట్టు పైకి ఉబుకుతుంది, అందుకే మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకోమంటారు. చాలామంది దీన్ని పరీక్షలో పది మార్కుల తంతుగా ముగించి ఉంటారు. అసలు రంగం ఆ బొట్టు దగ్గరే మొదలవుతుంది.

ఎందుకో లెక్క వేద్దాం. లీటరులో 2 గ్రాముల ఉప్పున్న నీళ్ళు తాగితే నాలుక వెంటనే పట్టేస్తుంది. ఆ ఉప్పు వల్ల సాంద్రత పెరిగేది మిల్లీలీటరుకు సుమారు 0.0014 గ్రాములు, అంటే 25 మిల్లీలీటర్ల సీసాలో 35 మిల్లీగ్రాములు. ఇంతే తేడా, ఎదురు దిశలో, నీటిని 25 నుంచి 30 డిగ్రీలకు వేడి చేస్తే వస్తుంది: సాంద్రత 0.99704 నుంచి 0.99565కు దిగుతుంది. అంటే అయిదు డిగ్రీల ఎండ ఆ ఉప్పు మొత్తాన్నీ దాచేస్తుంది. అందుకే ఈ కొలతల్లో నీటితొట్టి ఉష్ణోగ్రతను డిగ్రీలో నూరో వంతుకు కట్టడి చేస్తారు.

గ్లైసిన్ సంగతి ఇంకా సున్నితం. కిలో నీటిలో 3.75 గ్రాముల గ్లైసిన్ వేసి కొలుస్తుంటే, సాంద్రతలో నాలుగో దశాంశ స్థానంలో ఒక్క అంకె తప్పితే గ్లైసిన్ చోటు లెక్కలో 2 మిల్లీలీటర్ల తప్పు వస్తుంది. ఉప్పు వల్ల వచ్చే మార్పే ఆపాటిది. వెతుకుతున్నదీ పొరపాటూ ఒకే సైజులో ఉంటాయన్నమాట. కనీసం ఐదో స్థానం దాకా గట్టిగా నిలబడని కొలతలతో రాసిన వ్యాసాలు ఈ రంగంలో లేకపోలేదు. వాటిలో పట్టికలు పెద్దవిగా, గ్రాఫులు నున్నగా ఉంటాయి. నున్నటి గ్రాఫ్ ఒక్కటే చూసి నమ్మకూడదు.

ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చినది 1967లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం నుంచి ఆంటన్ పార్ సంస్థ తెచ్చిన పరికరం. యు ఆకారంలో వంచిన సన్నటి గాజు గొట్టంలో మిల్లీలీటర్ ద్రవం పోసి గొట్టాన్ని కంపింపజేస్తారు. బరువైన ద్రవమైతే కంపనం నెమ్మదిస్తుంది. కంపన కాలం నుంచి సాంద్రత ఆరో దశాంశం దాకా వస్తుంది. దీనికీ ఒక శత్రువు ఉంది: కంటికి కనపడీ కనపడని గాలిబుడగ. గుంటూరు–విజయవాడ దారిలోని ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం రసాయన శాఖ నుంచి ద్రవ మిశ్రమాల సాంద్రత, స్నిగ్ధత, వాటిలో ధ్వని వేగం మీద వరసగా వ్యాసాలు వచ్చాయి. ఈ మూడు కొలతలూ ఎప్పుడూ జట్టుగానే నడుస్తాయి. చోటు ఎంతో సాంద్రత చెబుతుంది, ఆ నీటిని ఇంకా నొక్కగలమా లేదా అన్నది ధ్వని వేగం చెబుతుంది. అప్పటికే బిగుసుకున్న నీరు ఇక నొక్కుకు లొంగదు.

ఈ పద్ధతికి అందనివీ ఉన్నాయి, వాటిలో ఒకటి మన ప్రాంతపు నీటికే సంబంధించింది. వినుకొండకు దక్షిణాన దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం వైద్య పత్రికలో వివరించింది ఆ ప్రాంతపు రోగుల గురించే. ఎముకలను వంచేసే ఆ ఫ్లోరైడ్‌కు మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనప్పుడు 1.5. అయిదు మిల్లీగ్రాములున్న నీటిని ప్రపంచంలో ఏ సాంద్రతా మాపకంలో పోసినా ఆ ఫ్లోరైడ్ విడిగా కనపడదు. ఫ్లోరైడ్ నీటిని క్లోరైడ్ కంటే చాలా గట్టిగా పట్టుకునే అయానే. కానీ అంత తక్కువలో దాని పట్టు తెలియదు. దానికి వేరే పరీక్షలున్నాయి.

చిక్కదనం మాటకు వద్దాం. ఉప్పు కలిపితే నీళ్ళు చిక్కబడతాయని అందరూ అనుకుంటారు. ప్యారిస్‌లో ప్వాజయ్ అనే వైద్యుడు సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు పారే తీరు కొలుస్తూ కాలం గడిపాడు. రక్తం కేశనాళికల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలన్నది అతని పట్టుదల. కొన్ని ఉప్పులు కలిపితే నీరు నెమ్మదిగా పారుతుందని, మరికొన్ని కలిపితే మామూలు నీటి కంటే వేగంగా పారుతుందని 1847లో అతను గమనించాడు. కారణం అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

1929లో గ్రినెల్ జోన్స్, మాల్కమ్ డోల్ బేరియం క్లోరైడ్ ద్రావణాలు కొలిచి ఒక చిన్న సూత్రం ఇచ్చారు. నీటితో పోలిస్తే ద్రావణం ఎన్ని రెట్లు చిక్కనో చెప్పే ఆ సూత్రంలో ఒకటికి రెండు ముక్కలు కలుస్తాయి. గాఢత వర్గమూలాన్ని ‘ఎ’తో గుణిస్తే ఒకటి, గాఢతను ‘బి’తో గుణిస్తే రెండోది. మొదటి ముక్క అయాన్లు ఒకదాన్నొకటి దూరం నుంచి లాక్కోవడం వల్ల వచ్చేది, అది చిన్నది. కథ అంతా ‘బి’లో ఉంది. అయాను తన చుట్టూ ఉన్న నీటిని గట్టిగా పట్టి తనతోపాటు ఈడ్చుకుపోతే ‘బి’ పెద్దది. ఆ అయానుకు పట్టు తక్కువై, నీటి అల్లికను చెదరగొట్టి మాత్రం వదిలేస్తే ‘బి’ సున్నా కంటే కిందికి పోతుంది. నీరు పలచబడుతుంది. మెగ్నీషియానికి సుమారు 0.39, సల్ఫేట్‌కు 0.21. పొటాషియం సున్నా కంటే చిటికెడు తక్కువ, నైట్రేట్ ఇంకా తక్కువ, -0.05 దగ్గర.

ఇప్పుడు మళ్ళీ ఆ రెండు ప్యాకెట్లు. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ నీటిని రెండున్నర, మూడు శాతం చిక్కబరుస్తుంది. లీటరుకు అదే 10 గ్రాముల 13-0-45 నీటిని వెయ్యిలో మూడు నాలుగు వంతులు పలచబరుస్తుంది. ఒకే దుకాణంలో ఒకే అరలో పక్కపక్కన ఉండే రెండు తెల్లటి ఉప్పులు నీటి మీద ఇలా చెరో దారి పడతాయి. స్ప్రేయర్ నాజిల్‌కు ఈ తేడా తెలియదు, నిజమే. ఎండ డ్రమ్మును ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కిస్తే మెగ్నీషియం తెచ్చిన చిక్కదనమంతా పోతుంది. 20 డిగ్రీల నీటితో పోలిస్తే 40 డిగ్రీల నీరు మూడో వంతుకు పైగా పలచన. స్నిగ్ధతను కొలిచేవాడి ముందు గడియారం, సూత్రం, లవణం ఎన్ని ఉన్నా ఉష్ణోగ్రతదే పెత్తనం.

గ్లైసిన్ ‘బి’ సుమారు 0.14, అలనిన్‌కు 0.25 దాకా. వాలిన్, లూసిన్‌లకు ఇంకా పెద్దవి. గొలుసు పొడుగయ్యేకొద్దీ చిక్కదనం పెరుగుతుంది. మరి టానిక్ సంగతి? డబ్బాలో నూటికి 20 పాళ్ళు అమైనో ఆమ్లాలు ఉన్నాయనుకుందాం. లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకు 0.4 గ్రాములు, మోల్‌లలో సుమారు 0.005. చిక్కదనంలో మార్పు వెయ్యికి ఒక వంతు. టానిక్ కలిపితే మందు ఆకుకు ‘జిగురుగా పడుతుంది’ అని ఎవరైనా చెబితే ఆ జిగురు అమైనో ఆమ్లాలది కాదు. డబ్బాలో వేరే జిగురు పదార్థం కలిపి ఉండాలి.

అమైనో ఆమ్లాలు వందల కొద్దీ గొలుసుకట్టి ప్రోటీన్ అయినప్పుడు ఉప్పుల ప్రభావం కంటికే కనపడుతుంది. 1888లో ప్రాగ్‌లో ఫ్రాంజ్ హోఫ్‌మైస్టర్ కోడిగుడ్డు తెల్లసొనను రకరకాల ఉప్పులతో విరగ్గొట్టి చూశాడు. సల్ఫేట్ తక్కువ మోతాదులోనే విరగ్గొడుతుంది, క్లోరైడ్‌కు ఎక్కువ కావాలి, నైట్రేట్‌కు ఇంకా ఎక్కువ. నీటిని గట్టిగా పట్టుకునే అయాన్లు ఒక పక్క, చెదరగొట్టేవి ఇంకో పక్క: జోన్స్, డోల్ ‘బి’ విలువల్లో తరువాత కనిపించిన వరుస దాదాపు అదే. గ్లైసిన్‌తో మొదలుపెట్టిన కోన్ చివరికి రెండో ప్రపంచ యుద్ధంలో రక్తపు ప్లాస్మా నుంచి ఆల్బుమిన్‌ను వేరుచేసే పద్ధతికి చేరాడు. ఉప్పు, ఆమ్లత, ఆల్కహాల్, చల్లదనం, ఈ నాలుగింటినీ సరిగ్గా కుదిర్చి ఒక్కో ప్రోటీన్‌ను ఒక్కోచోట పేరుకునేలా చేశాడు. పెర్ల్ హార్బర్ క్షతగాత్రుల్లో కొందరికి ఎక్కించింది ఆ ఆల్బుమినే.

చేను దగ్గర కూడా ఈ లెక్కలు అక్కరకు వచ్చే చోటు ఒకటుంది, అది డ్రమ్ములో కాదు, మొక్క లోపల. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు అందని చోట, అందినా వంతు రాని రోజుల్లో, వినుకొండ చుట్టూ బోరే దిక్కు. బోర్లలో కొన్ని చప్పనివి, కొన్ని ఉప్పువి. ఒకే ఉప్పు నీరు పత్తికి పెట్టినట్టు మిరపకు పెట్టడం కుదరదని ఇక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1977లో అమెరికాలో మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు ఈ తేడాకు అంకెలు కట్టారు. తడిపిన నేల నుంచి తీసిన నీటి విద్యుత్ వాహకత 1.5 యూనిట్లు (మీటరుకు డెసిసీమెన్లు) దాటితే మిరప జాతి దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో యూనిట్‌కు 14 శాతం. పత్తికి ఆ హద్దు 7.7, ఆపైన ఒక్కో యూనిట్‌కు 5.2 శాతం. నేల 4 యూనిట్లకు చేరితే మిరప మూడో వంతుకు పైగా పోతుంది, పత్తికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఉప్పు నేలలో వేరు నీరు పీల్చాలంటే కణం లోపల కూడా ఏదో ఒకటి గట్టిగా కరిగి ఉండాలి. లేకపోతే నీరు లోపలికి రాకపోగా బయటికి పోతుంది. ఆ ‘ఏదో’ ఉప్పే అయితే చవకే, బయట కావలసినంత ఉంది. కానీ ఉప్పు ఎక్కువైతే ఎంజైముల పని చెడుతుంది, ఉప్పుకు ప్రోటీన్ ఎలా విరుగుతుందో హోఫ్‌మైస్టర్ తెల్లసొన చూపింది. మొక్కలు దానికి బదులు అమైనో ఆమ్లాల వైపు తిరిగాయి. 1954లో కెంబుల్, మెక్‌ఫర్సన్ వాడిపోతున్న రైగ్రాస్ గడ్డిలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం కుప్పగా చేరడం చూశారు. ప్రోలినే ఎందుకంటే దాని కరిగే శక్తి చూడాలి. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీటిలో గ్లైసిన్ 25 గ్రాములు కరుగుతుంది, లూసిన్ రెండున్నర గ్రాములు కూడా కరగదు, టైరోసిన్ అయితే అర గ్రాములో పదో వంతు కూడా కాదు. ప్రోలిన్ 160 గ్రాములు దాటుతుంది. తనకంటే తక్కువ బరువున్న నీటిలో కరిగిపోతుందది. మిరప కూడా ఉప్పు తగిలితే ప్రోలిన్ కూడబెడుతుంది.

పత్తి దగ్గర ఇంకో సరుకు ఉంది: గ్లైసిన్ బీటెయిన్. గ్లైసిన్ ధనకొసలోని మూడు హైడ్రోజన్ల చోట మూడు మీథైల్ సమూహాలు కూర్చుంటే అదే ఇది. రెండు కొసల ఆవేశాలు అలాగే ఉన్నాయి, కాబట్టి నీటితో దోస్తీ చెడదు. ధనకొస మాత్రం మీథైళ్ళ వెనక దాగిపోయింది, ప్రోటీన్ గొలుసును పట్టుకోవడానికి దాని దగ్గర హైడ్రోజన్ లేదు. టిమాషెఫ్ అనే శాస్త్రవేత్త బృందం 1980లలో సాంద్రతలు కొలిచే, ఇంచుమించు మనం ఇప్పటిదాకా చెప్పుకున్న పరికరాలతోనే, బీటెయిన్ లాంటి పదార్థాలు ప్రోటీన్ ఉపరితలానికి ఎడంగా ఉంటాయని తేల్చింది. అవి ఎడంగా ఉన్నంతసేపూ ప్రోటీన్ తన పైభాగాన్ని వీలైనంత తక్కువ చేసుకుని ముడుచుకునే ఉంటుంది, అంటే సరైన మడతలో ఉంటుంది. ఎంత గాఢంగా చేరినా ఎంజైమును ఇబ్బంది పెట్టని కరిగే పదార్థం మొక్కకు దొరికినట్టే.

పత్తి ఉప్పును తట్టుకోవడానికి బీటెయిన్ ఒక్కటే కారణం కాదు. ఎదిగిన ఆకు కణంలో నూటికి ఎనభై, తొంభై పాళ్ళ చోటు మధ్యలోని నీటి తిత్తిదే. లోపలికి వచ్చిన సోడియం, క్లోరైడ్‌లలో ఎక్కువ భాగాన్ని కణం ఆ తిత్తిలోకి తోసి తలుపు వేస్తుంది. అక్కడ ఎంజైముల గొడవ పెద్దగా లేదు. తిత్తికీ కణం గోడకూ మధ్య పలచటి పొరలా మిగిలిన భాగంలోనే పనంతా జరుగుతుంది, బీటెయిన్ చేరేదీ అక్కడే. ఆ పొర అంత పలచన కాబట్టి, లోపలి ఉప్పుకు సరితూగేంత గాఢంగా నింపడానికి మొక్క తయారు చేయవలసిన బీటెయిన్, ఆకు మొత్తం బరువుతో చూస్తే, కొంచెమే.